టర్బో బూస్ట్ కంట్రోలర్ ఎంపిక: తిరుపతి ఎండకు, ఘాట్ రోడ్డుకు ఏది నప్పుతుంది?

జనవరి తెల్లవారుజామున 1 బార్ బూస్ట్‌తో (బూస్ట్ అంటే బయటి గాలికి మించి టర్బో ఎక్కించే ఒత్తిడి) హాయిగా లాగిన కారు, మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద అదే 1 బార్ దగ్గర నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) కొడుతుంది. గేజి ముల్లు రెండుసార్లూ ఒకే చోట నిలుస్తుంది కాబట్టి కారణం చాలామందికి అంతుపట్టదు. లెక్క వేస్తే తెలుస్తుంది. టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుందాం. 22 డిగ్రీల గాలిని అది 1 బార్ బూస్ట్‌కు నొక్కితే బయటికొచ్చే గాలి 114 డిగ్రీల దగ్గర ఉంటుంది. 42 డిగ్రీల గాలిని నొక్కితే 140 డిగ్రీలు దాకా పోతుంది. నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఎంత మంచిదైనా ఆ వేడిని బయట ఉన్న 42 డిగ్రీల గాలికే అప్పగించాలి. చివరికి సిలిండర్‌లోకి పోయే గాలి వేడెక్కుతుంది, నాక్ అంచు దగ్గరపడుతుంది.

బూస్ట్ పెంచడం ఏ కంట్రోలర్‌కైనా చేతనవును. గాలి వేడెక్కినప్పుడు తనంతట తానే తగ్గించేది ఏదన్నది మన ప్రాంతంలో అసలు ప్రశ్న. కింద ఒక్కో రకాన్నీ ఆ కొలతతోనే తూచాం.

ముందు వేస్ట్‌గేట్ సంగతి

వేస్ట్‌గేట్ అంటే ఎగ్జాస్ట్‌లో కొంత భాగాన్ని టర్బైన్ (టర్బోను తిప్పే చక్రం) మీదికి పోనివ్వకుండా పక్కదారి పట్టించే చిన్న తలుపు. దాన్ని తెరిచేది యాక్చువేటర్ డబ్బా. డబ్బాలో ఒక రబ్బరు డయాఫ్రమ్, దాని వెనక స్ప్రింగ్ ఉంటాయి. కంప్రెసర్ నుంచి ఒక సన్న గొట్టం వచ్చి డయాఫ్రమ్‌ను నెడుతుంది. స్ప్రింగ్ 0.5 బార్‌దైతే బూస్ట్ అక్కడికి చేరేసరికి తలుపు తెరుచుకుని ఇంకా పెరగకుండా ఆపుతుంది. బూస్ట్ కంట్రోలర్ ఏదైనా సరే, ఆ సన్న గొట్టం దారిలో కూర్చుని డయాఫ్రమ్‌కు అసలు ఒత్తిడి కంటే తక్కువ చేరేలా చూస్తుంది. తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, బూస్ట్ పైకి పోతుంది.

దీన్నుంచి రెండు హద్దులు పుడతాయి. స్ప్రింగ్ కంటే తక్కువ బూస్ట్‌ను ఏ కంట్రోలరూ ఇవ్వలేదు. 0.9 బార్ స్ప్రింగ్ వేసుకుని వేసవికి 0.6 కావాలంటే కుదరదు, డబ్బా విప్పి స్ప్రింగ్ మార్చాల్సిందే. రెండోది పైహద్దు. స్ప్రింగ్‌కు సుమారు రెట్టింపు దాటితే ఎగ్జాస్ట్ ఒత్తిడే తలుపును తోసేస్తుంది. అప్పుడు బూస్ట్ మధ్య ఆర్‌పీఎంలో బాగానే ఉండి, పైకి పోయేకొద్దీ జారిపోతుంది. కాబట్టి స్ప్రింగ్‌ను ఇలా ఎంచుకోవాలి: మామూలు పెట్రోలు, మే నెల ఎండ, ఏసీ ఆన్, నలుగురు మనుషులు. ఇన్ని కలిసినా ఇంజన్ భయం లేకుండా మోయగల బూస్ట్ ఎంతో, అదే మీ స్ప్రింగ్. వైరు తెగినా, సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) చచ్చినా కారు వచ్చి ఆగేది ఆ అంకె దగ్గరే.

కంట్రోలర్‌కు డబ్బు పెట్టేముందు వేస్ట్‌గేట్ ఆరోగ్యం చూడండి. యాక్చువేటర్ గొట్టం ఊడదీసి, గేజి ఉన్న చేతిపంపుతో నెమ్మదిగా గాలి ఎక్కించండి. రాడ్ ఏ ఒత్తిడికి కదలడం మొదలుపెట్టింది, ఏ ఒత్తిడికి పూర్తిగా జరిగింది, రెండూ రాసుకోండి. తర్వాత ఆ ఒత్తిడిని అలాగే ఉంచి ఒక నిమిషం చూడండి. ముల్లు దిగుతుంటే డయాఫ్రమ్ చిరిగిందని అర్థం. అలాంటి డబ్బాకు ఏ కంట్రోలర్ బిగించినా బూస్ట్ అదుపు తప్పుతుంది. రాడ్ ప్రీలోడ్ కూడా చూడాలి. తలుపు మూసి ఉన్నప్పుడు, లివర్ పిన్నుకు తగిలించడానికి రాడ్‌ను 1 నుంచి 3 మిల్లీమీటర్లు లాగాల్సి రావాలి. వదులుగా ఉంటే తలుపు సందులోంచి ఎగ్జాస్ట్ కారిపోయి టర్బో ఆలస్యంగా లేస్తుంది. బూస్ట్ కోసం రాడ్‌ను మరీ బిగిస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు, అది ఇంకా ప్రమాదం.

ఇంకొక పరీక్ష కూడా తప్పదు. కంట్రోలర్ ఏదీ లేకుండా, కంప్రెసర్ నుంచి యాక్చువేటర్‌కు గొట్టం నేరుగా తగిలించి డైనో (కారును నిలబెట్టి చక్రాలు తిప్పి శక్తి కొలిచే యంత్రం) మీద పూర్తి గ్యాస్‌తో ఒక పుల్ తీయండి. 0.5 బార్ స్ప్రింగ్‌తో 3,500 ఆర్‌పీఎం దగ్గర 0.5 ఉండి, 6,000కు 0.8 అయిందంటే అది బూస్ట్ క్రీప్. తలుపు పూర్తిగా తెరిచినా దారి చాలట్లేదన్నమాట. ఫ్రీ-ఫ్లో డౌన్‌పైప్ (టర్బో నుంచి కిందికి పోయే ఎగ్జాస్ట్ గొట్టం), పెద్ద ఎగ్జాస్ట్ వేసిన కార్లలో ఇది మామూలుగా కనిపిస్తుంది. దీనికి వేస్ట్‌గేట్ రంధ్రాన్ని పెద్దది చేయించాలి, లేదా టర్బో బయట విడిగా బిగించే ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్ పెట్టాలి. ఖరీదైన ఎలక్ట్రానిక్ కంట్రోలర్ కొన్నా క్రీప్ తగ్గదు. ఎందుకంటే తలుపును అంతకంటే తెరవమని చెప్పే అధికారం దానికి లేదు.

స్ప్రింగ్ ఒక్కటే, కంట్రోలర్ లేకుండా

చాలా ప్రాజెక్టు కార్లకు ఇది చాలు. పాత ఎస్టీమ్‌కో హోండా సిటీకో టర్బో తగిలించి, లోపలి పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు అలాగే ఉంచినవాళ్లు ముందు 0.4 బార్ స్ప్రింగ్ మీదే ఆరు నెలలు నడపడం మంచిది. టర్బో లేకుండా పుట్టిన ఇంజన్లలో కంప్రెషన్ రేషియో ఎక్కువ. వాటికి బూస్ట్ తక్కువలోనే నాక్ వస్తుంది. విరిగే భాగం లేదు, లీకయ్యే జాయింట్లు రెండే. లోపం ఏమిటంటే, స్ప్రింగ్ ఒత్తిడికి చాలా ముందే తలుపు కొద్దికొద్దిగా తెరుచుకోవడం మొదలవుతుంది, టర్బో లేవడం కాస్త నెమ్మది.

మాన్యువల్ కంట్రోలర్లు: రెండూ ఒకటి కావు

మార్కెట్లో మాన్యువల్ అని అమ్మేవాటిలో రెండు జాతులున్నాయి. మొదటిది బ్లీడ్ వాల్వ్. టీ ఆకారపు జాయింటుకు ఒక సూది వాల్వ్ ఉంటుంది, అది సిగ్నల్ గాలిలో కొంత బయటికి వదిలేస్తుంది. చవక, కానీ మేం దీన్ని ఎవరికీ చెప్పం. సూది దగ్గర దుమ్ము చేరితే బూస్ట్ మారిపోతుంది. తలుపు త్వరగా తెరుచుకునే జబ్బు అలాగే ఉంటుంది. పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె చూపిస్తుంది.

రెండోది బాల్ అండ్ స్ప్రింగ్ రకం. లోపల ఒక చిన్న గుండు, దాన్ని నొక్కి పట్టే స్ప్రింగ్, పైన తిప్పే నాబ్ ఉంటాయి. బూస్ట్ నాబ్ పెట్టిన చోటికి చేరేదాకా గుండు దారి మూసి ఉంచుతుంది, యాక్చువేటర్‌కు ఒక్క చుక్క ఒత్తిడి చేరదు. అందువల్ల తలుపు చివరిదాకా గట్టిగా మూసుకుని ఉంటుంది, టర్బో తేడా తెలిసేంత త్వరగా లేస్తుంది. యాక్చువేటర్ వైపు చిన్న రంధ్రం ఒకటి తప్పనిసరిగా ఉండాలి. గ్యాస్ (యాక్సిలరేటర్) వదిలాక ఇరుక్కున్న గాలి అక్కడినుంచే పోవాలి. ఆ రంధ్రం లేని నకిలీ సరుకు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దానితో తలుపు మూసుకోక తర్వాతి గేరులో బూస్ట్ లేవదు.

పాత, ఎలక్ట్రానిక్స్ తక్కువున్న కారుకు, 0.2 బార్ లోపు పెంపుకు బాల్ రకం నిజంగా మంచి సరుకే. కానీ దానికి వేడి తెలియదు. గేరు తెలియదు. పెట్రోలు తెలియదు. జనవరిలో పెట్టిన నాబ్‌ను మే నెలలో తగ్గించాల్సింది మీరే. దీన్ని ఎంచుకునేవాళ్లు చలికాలానికి సరిపడా పెట్టి వేసవిలో మర్చిపోకుండా, ఎండాకాలపు అంకె పెట్టేసి నాబ్ లాక్ నట్ బిగించేయాలి. నాబ్‌ను ఒక్కసారి పావు చుట్టుకు మించి తిప్పొద్దు. డ్యాష్‌బోర్డులోకి గొట్టాలు లాగి క్యాబిన్‌లో నాబ్ పెట్టడం అసలు వద్దు. గొట్టం పొడవు పెరిగేకొద్దీ స్పందన ఆలస్యమై బూస్ట్ స్పైక్ కొడుతుంది.

విడి ఎలక్ట్రానిక్ కంట్రోలర్

తెర ఉన్న చిన్న పెట్టె, బానెట్ కింద సోలెనాయిడ్, ఒక ప్రెషర్ సెన్సర్ కలిపి వస్తాయి. గ్రెడ్డీ ప్రొఫెక్, టర్బోస్మార్ట్ ఈ-బూస్ట్ వంటివి ఈ కోవలోవి. బూస్ట్‌ను తానే కొలిచి, లక్ష్యం తప్పితే సరిదిద్దుకుంటుంది. రెండు మూడు సెట్టింగులు దాచుకోవచ్చు, హద్దు దాటితే సోలెనాయిడ్‌ను ఆపేసి స్ప్రింగ్ ఒత్తిడికి దించుతుంది. దీనికీ మన లెక్కలో ఒక లోటుంది. చాలా మోడళ్లు ఇంటేక్ గాలి వేడిని గానీ నాక్ సెన్సర్‌ను గానీ చదవవు. ఒత్తిడిని పక్కాగా పట్టుకుంటాయి, ఆ ఒత్తిడి ఈ ఎండకు తగునా అన్నది వాటికి తెలియదు. ఇంధనం, స్పార్క్ టైమింగ్ ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) చేతిలో, బూస్ట్ మాత్రం ఈ పెట్టె చేతిలో ఉంటే, ఒకే బండికి ఇద్దరు డ్రైవర్లను కూర్చోబెట్టినట్టు అవుతుంది.

స్టాండలోన్ ఈసీయూ (ఫ్యాక్టరీదాని బదులు పెట్టుకునే విడి ఈసీయూ) కొనే ఉద్దేశం ఉంటే ఈ పెట్టె దండగ. ఈసీయూలో బూస్ట్ అవుట్‌పుట్ ఎలాగూ ఉంటుంది. ఆ డబ్బు ఎగ్జాస్ట్‌లో గాలి-ఇంధన పాళ్లు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కు పెట్టండి.

ఈసీయూ నడిపే 3-పోర్ట్ సోలెనాయిడ్

మార్చిన పెట్రోలు టర్బో కారుకు మా మొదటి ఓటు దీనికే. ఈసీయూకు అప్పటికే ఇంటేక్ వేడి, గేరు, ఆర్‌పీఎం, థ్రాటిల్, నాక్ అన్నీ తెలుసు. బూస్ట్ లక్ష్యాన్ని వాటిని బట్టి మార్చమని చెప్పొచ్చు. సోలెనాయిడ్ ఒక్కటే కొనాలి, దాని ధర పైన చెప్పిన పెట్టెలో చిన్న భాగం.

బిగించేటప్పుడు తప్పులు జరిగేది ఎక్కువగా పోర్టుల దగ్గరే. మూడు పోర్టుల్లో ఒకటి కంప్రెసర్ నుంచి, ఒకటి యాక్చువేటర్‌కు, ఒకటి బయటి గాలికి. ఏ నంబరు దేనికన్నది తయారీదారును బట్టి మారుతుంది. నెట్‌లో చూసిన బొమ్మను నమ్మకండి. కరెంటు ఇవ్వకుండా నోటితో ఊది చూడండి: కరెంటు లేనప్పుడు కంప్రెసర్ పోర్టుకూ యాక్చువేటర్ పోర్టుకూ మధ్య దారి తెరిచి ఉండాలి, 12 వోల్టులు ఇచ్చినప్పుడు అది మూసుకుని యాక్చువేటర్ బయటి గాలికి కలవాలి. ఇది తిరగబడితే ఫ్యూజు పోయిన రోజున వేస్ట్‌గేట్ అసలు తెరుచుకోదు, బూస్ట్‌కు పగ్గం ఉండదు.

సోలెనాయిడ్‌కు ఒక వైపు 5 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చే 12 వోల్టులు, మరో వైపు ఈసీయూ గ్రౌండ్ అవుట్‌పుట్. సిగ్నల్ గొట్టం కంప్రెసర్ హౌసింగ్ మీద ఉన్న నిపుల్ నుంచే తీసుకోవాలి. థ్రాటిల్ తర్వాత, ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి తీస్తే యాక్చువేటర్‌కు వ్యాక్యూమ్ తగులుతుంది, సిగ్నల్ ఆలస్యమవుతుంది. బూస్ట్‌ను చదివే మ్యాప్ (మానిఫోల్డ్ ఒత్తిడి) సెన్సర్ మాత్రం మానిఫోల్డ్ నుంచే చదవాలి. గొట్టం 4 మిల్లీమీటర్ల లోపలి కొలత ఉన్న గట్టి సిలికాన్‌ది, ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ప్రతి జాయింటుకూ క్లిప్ ఉండాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు దూరంగా, పోర్టులు కిందికి చూసేలా బాడీకి బిగించండి, లేకపోతే ఆయిల్ ఆవిరి అందులో చేరి ఇరుక్కుంటుంది. బయటి గాలి పోర్టుకు చిన్న ఫిల్టర్ పెట్టండి. మన రోడ్ల ఎర్రదుమ్ముకు అది లేకుంటే సోలెనాయిడ్ ఎన్నాళ్లో ఉండదు.

ట్యూనింగ్‌లో డ్యూటీ సైకిల్ (సోలెనాయిడ్‌కు కరెంటు ఎంత శాతం సేపు ఇస్తారన్నది) సున్నాతో మొదలుపెట్టాలి. 3-పోర్ట్ రకానికి 25 నుంచి 30 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ సాధారణంగా నప్పుతుంది. సున్నా దగ్గర ఎంత బూస్ట్ వచ్చిందో లాగ్ చేసి, 20 శాతానికి పోయి, అక్కడినుంచి 5 శాతం చొప్పున పెంచండి. తొలి ఇరవై శాతంలో చాలా సోలెనాయిడ్లు ఏ తేడా చూపించవు, ఆ తర్వాత ఒక్కసారిగా స్పందిస్తాయి. ప్రతి మెట్టు దగ్గర లాంబ్డా (గాలి-ఇంధన పాళ్లు సమతులానికి ఎంత దూరమో చెప్పే అంకె, సమతులం దగ్గర 1), నాక్, ఇంటేక్ వేడి చూసుకోవాలి. లక్ష్యం చేరడానికి 85 శాతం దాటాల్సి వస్తే స్ప్రింగ్ మెత్తగా ఉందన్నమాట, గట్టిది వేయండి. డ్యూటీ పట్టిక సరిగ్గా కుదిరాకే క్లోజ్డ్ లూప్ (ఈసీయూ బూస్ట్‌ను కొలిచి తానే సరిదిద్దుకోవడం) ఆన్ చేయాలి. పట్టిక తప్పుగా ఉన్నప్పుడు సరిదిద్దే పనంతా క్లోజ్డ్ లూప్ మీద పడేస్తే, బూస్ట్ అలల్లా పైకీ కిందికీ ఊగుతుంది.

మన ఊరికి కావాల్సిన పట్టిక ఇంటేక్ వేడి పట్టిక. మొదలుపెట్టడానికి ఒక దారి ఇది. 50 డిగ్రీల దాకా పూర్తి లక్ష్యం. అక్కడినుంచి ప్రతి 5 డిగ్రీలకు 0.05 బార్ కోత. 70 దాటితే డ్యూటీ సున్నా, అంటే స్ప్రింగ్ మీదికే. మీ ఇంజన్ నాక్ లాగ్ చూసి ఈ అంకెలు మార్చుకోవచ్చు. సెన్సర్ ఇంటర్‌కూలర్ తర్వాత ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ దగ్గరున్న సెన్సర్‌తో ఈ పట్టిక రాస్తే వృథా. ఓవర్‌బూస్ట్ కట్ (బూస్ట్ హద్దు దాటితే ఇంజన్ శక్తిని కోసే రక్షణ) లక్ష్యానికి 0.2 బార్ పైన పెట్టండి.

4-పోర్ట్ సోలెనాయిడ్ గురించి ఒక్క మాట. డయాఫ్రమ్‌కు రెండు వైపులా గొట్టం ఉన్న ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్ పెట్టి, స్ప్రింగ్‌కు రెట్టింపు మించి బూస్ట్ కావాలనుకునే ట్రాక్ కార్లకు అది. రోడ్డు కారుకు అక్కర్లేదు.

కొత్త కార్లలో: రీమ్యాపా, ట్యూనింగ్ బాక్సా?

టీఎస్ఐ పోలోలు, వర్టస్‌లు, ఐ20 ఎన్ లైన్‌లు, నెక్సాన్ పెట్రోళ్లు. ఇవాళ మన ప్రాంతంలో ఎక్కువమంది అడిగేది వీటి గురించే. వీటిలో బూస్ట్‌ను మొదటినుంచీ ఈసీయూనే నడుపుతుంది. కొన్నిటిలో వేస్ట్‌గేట్ యాక్చువేటర్ పూర్తిగా ఎలక్ట్రిక్ మోటారు, సిగ్నల్ గొట్టమే ఉండదు. మాన్యువల్ కంట్రోలర్ తగిలించడానికి చోటే లేదు. గొట్టం ఉన్నవాటికి తగిలించినా, ఈసీయూ తాను లెక్కగట్టిన బూస్ట్ కంటే ఎక్కువ చూసి పీ0234 ఓవర్‌బూస్ట్ కోడ్ వేసి లింప్ మోడ్‌లోకి (శక్తి తగ్గించి నడిపే రక్షణ స్థితి) పంపేస్తుంది.

ట్యూనింగ్ బాక్స్ మ్యాప్ సెన్సర్ వైర్ల మధ్యలో కూర్చుని, 1.0 బార్ ఉన్నప్పుడు 0.85 అని ఈసీయూకు చెబుతుంది. ఈసీయూ లోటు పూడ్చడానికి బూస్ట్ పెంచుతుంది. బిగించడం అరగంట పని, సర్వీస్ సెంటర్‌కు పోయే ముందు తీసేయొచ్చు, అందుకే అమ్ముడుపోతుంది. అయితే తాను నమ్మే అంకె తప్పు కాబట్టి ఈసీయూ వేసుకున్న రక్షణ హద్దులన్నీ అంతే మేరకు తప్పుతాయి. ఎండ ఎక్కువున్న రోజున బూస్ట్ తగ్గించాలని అది నిర్ణయించినా, తగ్గించిన అంకె కూడా అసలు కంటే తక్కువగానే దానికి కనిపిస్తుంది.

రీమ్యాప్ అంటే ఈసీయూలోని పట్టికలను (మ్యాప్‌ను) తిరగరాయడం. ఇందులో ఈసీయూ నిజమైన అంకెలతోనే పనిచేస్తుంది. బూస్ట్ లక్ష్యం, టార్క్ హద్దు, టైమింగ్, ఇంధనం నాలుగూ కలిపి మారతాయి. కొత్త కారుకు బూస్ట్ పెంచాలంటే ఇదొక్కటే మేం ఒప్పుకునే దారి. ట్యూనర్‌ను అడగాల్సిన ప్రశ్నలు: ఈ మ్యాప్ ఏ ఆక్టేన్‌కు రాశారు? ఇంటేక్ వేడికి ఫ్యాక్టరీ పెట్టిన కోతలు అలాగే ఉంచారా, తీసేశారా? ముందు, తర్వాత లాగ్‌లు ఇస్తారా? రెండో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఆ మ్యాప్ వద్దు. చెన్నై, బెంగళూరు దగ్గరే కాబట్టి డైనో మీద లాగ్ తీయించుకోవడానికి ఒక రోజు చాలు. డిసెంబరులో తీయించుకుంటే ఏప్రిల్లో మళ్లీ ఒకసారి లాగ్ చూపించుకోండి. ఓబీడీ అడాప్టర్ (ఈసీయూ అంకెలు ఫోన్‌లో చదివే పరికరం) ఉంటే లాగ్ తీసి పంపినా సరిపోతుంది.

ఘాట్ రోడ్డులో ఏం జరుగుతుంది

అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే దారి సుమారు 18 కిలోమీటర్లు. వేగాన్ని అదుపులో ఉంచడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది, అంటే సగటున గంటకు 39 కిలోమీటర్ల లోపు. టర్బో కారుకు ఇది హైవే కంటే కష్టమైన పని. ఎత్తు వల్ల ఇంజన్ మీద భారం వదలదు, వేగం తక్కువ కాబట్టి ఇంటర్‌కూలర్‌కు గాలి చాలదు, ఏసీ కండెన్సర్ వేడి దాని మీదికే కొడుతుంది. హైవేలో 50 డిగ్రీలు చూపించిన ఇంటేక్ వేడి ఇక్కడ ఇంకా ఎక్కుతుంది. హెయిర్‌పిన్ దాటాక రెండో గేరులో గ్యాస్ నొక్కినప్పుడు బూస్ట్ ఒక్కసారిగా లేస్తే నాక్ వచ్చేది ఆ క్షణంలోనే. చిత్తూరు నుంచి పలమనేరు పోయేటప్పుడు మొగిలి ఘాట్, పీలేరు దారిలో భాకరాపేట ఘాట్ కూడా ఇలాంటివే, లారీ వెనక ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ.

ఎత్తు విషయం కూడా చూడాలి. తిరుపతిలో గాలి ఒత్తిడి సుమారు 99 కిలోపాస్కల్స్, 850 మీటర్ల పైనున్న తిరుమలలో 91 చిల్లర. మాన్యువల్ కంట్రోలర్ గేజి ఒత్తిడిని (బయటి గాలికి పైన ఉన్నదాన్ని) పట్టుకుంటుంది కాబట్టి పైకి పోయేకొద్దీ మొత్తం గాలి కాస్త తగ్గుతుంది, అది క్షేమమే. ఈసీయూ మాత్రం మొత్తం ఒత్తిడిని (బయటి గాలి, బూస్ట్ కలిపి) లక్ష్యంగా పెట్టుకుంటే, కింద 2.0 ప్రెషర్ రేషియోతో (బయటి గాలిని ఎన్ని రెట్లు నొక్కుతోందన్న లెక్క) తిరిగిన టర్బో పైన సుమారు 2.17తో తిరగాలి. చిన్న టర్బోను అప్పటికే చివరంచు దాకా వాడుతున్న మ్యాప్‌లో ఇది టర్బో వేగాన్ని హద్దు దాటించవచ్చు. బారోమెట్రిక్ కరెక్షన్ పట్టిక (బయటి గాలి ఒత్తిడిని బట్టి లక్ష్యం మార్చేది) ఉందో లేదో ట్యూనర్‌ను అడగండి.

ఘాట్‌లో బూస్ట్ పరీక్షలు చేయకండి. అది భక్తుల దారి, పక్కనే బస్సులుంటాయి. పూర్తి గ్యాస్ లాగ్ కావాలంటే డైనో ఉంది, లేదా శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది.

పెట్రోలు

ఎక్స్‌పీ95 లాంటి ఖరీదైన పెట్రోలు తిరుపతిలో దొరికినా, కుప్పం వైపో నగరి వైపో పోయినప్పుడు ప్రతి బంకులోనూ దొరుకుతుందని నమ్మలేం. పలమనేరు దాటగానే నంగిలి దగ్గర కర్ణాటక బంకులో నింపుకునేవాళ్లం చాలామందిమి ఉన్నాం, అక్కడ ఏ ట్యాంకులో ఏముందో మనకు తెలియదు. అందుకే మ్యాప్ మామూలు పెట్రోలుకే రాయించుకోండి, మంచి పెట్రోలుకు ఇంకో సెట్టింగ్ విడిగా పెట్టుకోండి. ఈ20లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంది కాబట్టి అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. మామూలు పెట్రోలుకు 14.7గా ఉండే గాలి-ఇంధన సమతుల నిష్పత్తి (ఏఎఫ్ఆర్) ఈ20కి 13.5 దగ్గర. గేజి మీద ఏఎఫ్ఆర్ బదులు లాంబ్డా చదవడం అలవాటు చేసుకోండి, ఏ ఇంధనానికైనా ఒకటే అంకె. పూర్తి బూస్ట్‌లో 0.78 నుంచి 0.82 మధ్య ఉండాలి. ఇంజెక్టర్ డ్యూటీ 85 శాతం దాటితే బూస్ట్ పెంచడం అక్కడితో ఆపి, ఇంజెక్టర్లు, పంపు చూసుకోవాలి. స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లకు తగ్గించండి, ఎక్కువ బూస్ట్‌లో మిస్‌ఫైర్ రాకుండా.

డీజిల్ బండ్లు

75 పీఎస్ స్విఫ్ట్ డీజిల్ లాంటివాటిలో మామూలు వేస్ట్‌గేట్ టర్బో ఉంటుంది. ఎమ్‌హాక్ స్కార్పియో వంటి వాటిలో వేరియబుల్ జామెట్రీ టర్బో. అక్కడ వేస్ట్‌గేట్ లేదు, టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలే బూస్ట్‌ను నిర్ణయిస్తాయి. బాల్ అండ్ స్ప్రింగ్ కంట్రోలర్‌ను వీటికి తగిలించడానికి ప్రయత్నించొద్దు. బూస్ట్ తక్కువైందని, పీ0299 కోడ్ వస్తోందని వచ్చే బండ్లలో కంట్రోలర్ కొనేముందు వ్యాక్యూమ్ గొట్టాలు చూడండి. పాతబడి పగిలిన ఒక చిన్న రబ్బరు ముక్క వల్ల రెక్కలు తెరిచే ఉండిపోతాయి. అది బాగుంటే మసి పట్టి రెక్కలు ఇరుక్కున్నాయేమో చూడాలి. ఊళ్లో నెమ్మదిగానే తిరిగే బండికి ఇది త్వరగా వస్తుంది. డీజిల్‌లో బూస్ట్ ఒక్కటే పెంచితే పెద్దగా లాభం లేదు, ఇంధనంతో కలిపి రీమ్యాప్ చేయాలి. టర్బైన్‌కు ముందు ఎగ్జాస్ట్ వేడి 750 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి.

మా సలహా

ఫ్యాక్టరీ టర్బో పెట్రోలు కారైతే రీమ్యాప్, అదీ వేడి కోతలు ఉంచినది. ట్యూనింగ్ బాక్స్ వద్దు. ఫియట్ లీనియా టీ-జెట్, పాత 1.8 టర్బో ఆక్టేవియా లాంటి బండికి ముందు కొత్త గొట్టాలు, కొత్త ఫ్యాక్టరీ సోలెనాయిడ్ వేసి, ఆ తర్వాత రీమ్యాప్. సగం కంప్లయింట్లు అక్కడే తీరిపోతాయి. టర్బో తర్వాత తగిలించిన కారుకు స్టాండలోన్ ఈసీయూతో 3-పోర్ట్ సోలెనాయిడ్. ఈసీయూకు డబ్బు ఇంకా సమకూరకపోతే స్ప్రింగ్ మీదే ఉండండి. మాన్యువల్ కంట్రోలర్ కొనడం ఆ మధ్యకాలానికి మందు కాదు. విడి ఎలక్ట్రానిక్ పెట్టె, ఈసీయూ మార్చలేని పాత ఇంపోర్ట్ బండికి మాత్రమే.

చట్టం సంగతి కూడా కొనేముందే చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా మార్పులు చేయకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) కింద అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా దీని మీదే ఆగిపోవచ్చు. ట్రాక్ కోసమే కట్టిన కారైతే ట్రాక్‌కు ట్రక్కు మీద తీసుకెళ్లండి.

బిగించిన తొలి నెలలో వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి. సిగ్నల్ గొట్టం క్లిప్పులు వదులయ్యాయా, గొట్టం ఎక్కడైనా మెరుస్తూ గట్టిపడిందా, సోలెనాయిడ్ కనెక్టర్‌లో నూనె చేరిందా అని. బూస్ట్ ఒక్కసారిగా లక్ష్యం కంటే 0.3 బార్ ఎక్కువ కనిపిస్తే గ్యాస్ వదిలేసి, మెల్లగా ఇంటికి తెచ్చి, ముందుగా యాక్చువేటర్ దగ్గరి గొట్టమే చూడండి. పదిలో ఎక్కువసార్లు అది ఊడి ఉంటుంది, లేదా ఎగ్జాస్ట్ వేడికి కరిగి చిల్లు పడి ఉంటుంది.